పదమూడు పొద్దుల మిరియాలు

వికారాబాదు,
3 డిసెంబరు 1952

మేనత్త రుక్కమ్మకు మొక్కి పాండురంగం రాసే ఉత్తరం.

ఇక్కడ నేనూ లక్ష్మమ్మా బాగున్నాం. తాండూరులో నువ్వు, రాజేందర్ బావ, నీ కోడలు పద్మమ్మ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ సర్కారు దవాఖానలో కాంపౌండరుగా చేరి మూడు నెలలు దాటింది. మందులు కలుపుతాను, పుండ్లు కడిగి కట్లు కడతాను. దగ్గుతో వచ్చినవాళ్ళ పేర్లు రాసి, డాక్టరుగారు చూశాక, అవసరమైన వాళ్ళను అనంతగిరి గుట్ట మీది పెద్ద దవాఖానకు పంపడం కూడా నా పనే. చలి ముదిరింది. పొద్దున తలుపు తీసేసరికి వరండా నిండా దగ్గులే.

నిన్న ఒక పిల్లకు ఎక్కిళ్ళు ఆగకపోతే నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు, అమ్మ చనిపోయిన ఏడాది నాకు ఎక్కిళ్ళు వస్తే మిరియపు గింజను సూదికి గుచ్చి దీపం మీద కాల్చి ఆ పొగ పీల్పించావు. నేను తుమ్మి తుమ్మి ఏడిస్తే నవ్వి, అన్నం కలిపి ముద్దలు పెట్టావు. ఆ ముద్దలతోనే ఇంతవాణ్ణి అయ్యాను.

అందుకే ఒక సంగతి అడుగుతున్నాను. మా డాక్టరుగారికి మిరియాల గుణాలు తెలుసుకోవాలని ఉంది. దగ్గుకు నువ్వు రోజుకు ఎన్ని ఇస్తావు, ఎన్నాళ్ళు ఇస్తావు? పాలలో మంచిదా, తేనెలోనా? తెల్లమిరియాలు వేరే చెట్టువా? చూలింతలు తినవచ్చా? తీరిక ఉన్నప్పుడు చెప్పి రాయించు.

చెల్లె పద్మమ్మా, ఇక్కడి నుంచి పైకి చదవకు. డాక్టరుగారు ఏమీ అడగలేదు, అడుగుతున్నది నేనే. ఈ మూడు నెలల్లో తాండూరు నుంచి ముదిరిన క్షయతో నలుగురు వచ్చారు. అందులో ముగ్గురు ఏడాదిగా అత్తమ్మ చేతి మిరియాలు తింటూ ఆగినవాళ్ళే. మిరియాలతో పడిశం పోతుంది, క్షయ పోదు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ మెల్లగా దారికి తెస్తాను. నెల దాటిన దగ్గు ఉన్నవాళ్ళను ఇటు పంపమని నువ్వు కూడా చెవిన వెయ్యి.

నీ మేనల్లుడు
పాండురంగం

*

తాండూరు,
19 డిసెంబరు 1952

అల్లుడు పాండురంగాన్ని రుక్కమ్మ దీవించి రాయించేది.

నీ ఉత్తరం పద్మమ్మతో మూడుసార్లు చదివించుకున్నాను. నేను నోటితో చెప్పేదాన్ని ఇది పుస్తకం మాటల్లోకి మార్చి రాస్తుంది. అదేమే అంటే, “కాయితం మీద గట్లనే ఉండాలె అత్తమ్మా” అంటుంది. దాని చదువు దానిది, నా మిరియాలు నావి.

మీ డాక్టరుకు ఇట్లా చెప్పు. దగ్గుతో వచ్చినవాళ్ళకు మొదటి పొద్దు ఒక గింజ, రెండో పొద్దు రెండు. అట్లా ఏడు దాకా ఎక్కాలి, మళ్ళీ ఒక్కొక్కటే తగ్గిస్తూ ఒకటికి దిగాలి. మొత్తం పదమూడు పొద్దులు, అది ఒక చుట్టు. నెయ్యిలో వేయించి, బెల్లంతో కలిపి, పరగడుపున నా చేత్తోనే పెట్టాలి. పొట్లం కట్టి ఇంటికి పంపేది లేదు, రోజూ నా గడప ఎక్కాల్సిందే. పైసా పుచ్చుకోకూడదు. ఇది మా అత్త నాకు ఇచ్చిన లెక్క. ఆమె కన్నుమూసే ముందు నా చెంగున ఏడు గింజలు కట్టి, వచ్చినవాళ్ళను కాదనవద్దని మాట తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా కాదనలేదు.

పసిపిల్లలకైతే తేనె, ముసలివాళ్ళకు పసుపు వేసిన పాలు. తెల్లమిరియాలు వేరే చెట్టువి కావు. అదే తీగ, అదే కాయ. పచ్చిగా కోసి ఎండబెడితే నలుపు, పండాక తొక్క తీస్తే తెలుపు. చూలింతలు చారులో రెండు గింజలు తింటే తప్పులేదు, చుట్టు మాత్రం నేను పెట్టను. కొనేటప్పుడు నీళ్ళలో వేసి చూడమను. బొప్పాయి గింజలు కలిపితే అవి తేలుతాయి, నిఖార్సైన మిరియం మునుగుతుంది. పొడి కొట్టి దాస్తే వాసన పోతుంది, కావలసినప్పుడే దంచుకోవాలి. కర్పూరం డబ్బాలో నాలుగు గింజలు వేస్తే కర్పూరం హరించదు. ఇంకా అడిగితే ఇంకా చెబుతాను.

దవాఖాన డాక్టరే నా మందు అడిగాడని బజారులో బుగ్గమ్మకు చెప్పాను. ఆమెకు చెబితే చాటింపు వేయించినట్టే. మర్నాడు పెద్దేముల్ నుంచి బండి కట్టుకొని వచ్చారు. నిన్ను పెంచినందుకు ఇంత పేరు తెచ్చావు. సంతోషంగా ఉంది నాయనా.

లక్ష్మమ్మకు నా దీవెన చెప్పు.

మేనత్త రుక్కమ్మ

అన్నా, నేను పద్మమ్మను. నువ్వు వద్దన్నది చదవలేదు, చెప్పలేను కూడా. డాక్టరు అడిగాడని విన్నప్పుడు ఆమె మొహం నువ్వు చూడలేదు. చలికి నాకూ దగ్గు పట్టింది, మూడో చుట్టు నడుస్తున్నది. ఆమె చేతిది నేనే వద్దంటే ఊళ్ళో ఆమెకు ఏం మిగులుతుంది? నా గురించి ఫికర్ చేయకు.

*

వికారాబాదు,
11 జనవరి 1953

అత్తమ్మకు నమస్కరించి పాండురంగం రాసేది.

నీ జవాబు చదివి డాక్టరుగారు మెచ్చుకున్నారు. లెక్క బాగుందన్నారు. అయితే ఇంకొన్ని సందేహాలున్నాయి. పదమూడు పొద్దులు అయినా దగ్గు దిగకపోతే ఏం చేస్తావు? ఎన్ని చుట్ల దాకా చూస్తావు? అన్నన్ని మిరియాలు తింటే కొందరికి ఒంట్లో వేడి చేస్తుందంటారు, నిజమేనా? సాయంత్రాలు జ్వరం తగిలేవాళ్ళు, మనిషి చిక్కిపోయేవాళ్ళు ఎవరైనా నీ దగ్గరికి వస్తున్నారా? ఉంటే ఒకసారి ఇటు పంపితే మేమూ చూస్తాం. నీ మందుకు తోడుగా ఉంటుందని మాత్రమే.

సంక్రాంతి ముందు మంచు బాగా పడుతున్నది, నువ్వు తెల్లవారుజామున నీళ్ళలో చేతులు పెట్టకు. లక్ష్మమ్మ నీకోసం ఉన్ని శాలువా అల్లుతున్నది. సగం అల్లి విప్పింది, మళ్ళీ మొదలుపెట్టింది.

చెల్లె పద్మమ్మా, ఇది నీకు. మూడు చుట్లంటే నలభై పొద్దులు. నీకు జ్వరం వస్తున్నదా? రాజేందర్ బావతో చెప్పి ఒక్కరోజు రైలుబండెక్కు. గుట్ట మీద ఛాతీ ఫోటో తీస్తారు. ఏమీ లేదంటే సాయంత్రం బండికే ఇల్లు చేరుతావు.

పాండురంగం

*

తాండూరు,
22 ఫిబ్రవరి 1953

అల్లుడికి రుక్కమ్మ ఆశీర్వచనం.

నీ డాక్టరు గట్టివాడు. వేడి సంగతి అడిగాడు చూడు, అది నాకు ముప్పై ఏళ్ళలో తట్టలేదు. ఒక చుట్టుతో తగ్గనివాళ్ళకు రెండోది, మూడోది పెట్టుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు తెలిసింది, ఒంట్లో వేడి నిలవడం వల్ల వాళ్ళకు మందు పట్టడం లేదు. అందుకని చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎనిమిది రోజులు ఆపి మజ్జిగా సబ్జా గింజల నీళ్ళూ ఇస్తున్నాను. ఆ వేడి దిగాక మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఇట్లా చేయమని డాక్టరే రాశాడని చెబితే జనం కూడా నమ్మకంగా వింటున్నారు. కుల్కచర్ల నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చి ఇక్కడే చుట్టాలింట్లో దిగి పదమూడు పొద్దులూ తిన్నారు. గుట్టకు పోదామని బయలుదేరినవాళ్ళు, గుట్టవాళ్ళే ఇక్కడ అడుగుతున్నారని తెలిసి నా దగ్గరికి వచ్చారట.

తోడుగా ఇటు పంపమన్నావు. ఎందుకు నాయనా, మీకు పని పెరగడం తప్ప. మీకు వీలుకానివాళ్ళు ఉంటే మీరే ఇటు పంపండి.

ఇంట్లో కందులు పొయ్యడానికి చోటు లేదు. రాజేందర్ పొద్దున గింజలమ్మే గంజ్‌కు పోతే దీపాలు పెట్టాక వస్తున్నాడు. పద్మమ్మకు కూడా వేడి చేసింది, దానికీ మజ్జిగ నడుస్తున్నది.

మేనత్త రుక్కమ్మ

అన్నా, ఆమె నిద్రపోయాక రాస్తున్నాను. మొన్న ఉమ్మిలో ఎర్రని చార కనబడింది. అత్తమ్మకు చూపించాను. “వేడి బిడ్డా, గదే డాక్టరు అడిగింది,” అని పెరుగన్నం పెట్టింది. నాకు కూడా అట్లా నమ్మితేనే బాగుంది. సాయంత్రాలు ఒళ్ళు కాలుతుంది. కందులు అమ్ముడుపోగానే వస్తాను. బావకు రాయకు, ఈ పని ఒత్తిడిలో పరేషాన్ అవుతాడు.

*

వికారాబాదు,
2 మార్చి 1953
(కార్డు)

అత్తమ్మకు నమస్కారం. లక్ష్మమ్మకు ఒంట్లో నలతగా ఉంది. ఇంటిపని చేసుకోలేకపోతున్నది. చెల్లె పద్మమ్మను పది రోజులు తోడుగా పంపితే మేలు. ఆలస్యం చేయవద్దు. నేను స్టేషనుకు వస్తాను. మిగతాది కలిసినప్పుడు.

పాండురంగం

*

తాండూరు,
9 మార్చి 1953

అల్లుడు పాండురంగానికి,

నలత అంటే ఏమిటో నాకు తెలియదా? పెళ్ళయిన నాలుగేళ్ళకు నెల తప్పిందని కార్డు మీద రాయడానికి సిగ్గుపడ్డావు. మా ఇంటి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

పద్మమ్మను మాత్రం పంపలేను. దానికే చేతకావడం లేదు, నాలుగు మెట్లు ఎక్కితే కూర్చుంటున్నది. ఈ స్థితిలో దాన్ని పంపితే నీ ఇంట్లో చాకిరీ చేయాలి, మనసొప్పదు. అందుకని పక్కింటి భాగమ్మను పంపుతున్నాను. పది కాన్పులు చూసిన చేయి. ఆమె వెంట కందిపొడి, నెయ్యి పంపాను. మిరియాల పొట్లం చారుకు మాత్రమే, లక్ష్మమ్మకు చుట్టు పెట్టవద్దు. భాగమ్మ ఎన్నాళ్ళు ఉంటానంటే అన్నాళ్ళు ఉంచుకో.

మేనత్త రుక్కమ్మ

అన్నా, నువ్వు ఎందుకు పిలిచావో నాకు తెలిసింది. చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆమె సంతోషంతో కొబ్బరికాయ తేవడానికి పోయింది. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు, పడుకొని రాస్తున్నాను.

*

వికారాబాదు,
4 మే 1953

అత్తమ్మకు, బావ రాజేందరుకు పాండురంగం నమస్కరించి రాసేది.

బావా, ఇక అత్తమ్మకు నువ్వే చదివి వినిపించాలి.

నిన్న మీ ఇంటికి వచ్చి పద్మమ్మను ఉన్నపళంగా తీసుకొచ్చినందుకు మీ ఇద్దరికీ కోపం వచ్చి ఉంటుంది. నేను ఏప్రిల్‌లోనే రావలసింది. భాగమ్మను చూసి దిమ్మెరపోయి, లక్ష్మమ్మ నెల తప్పలేదని ఆమెకు చెప్పలేక, సెలవు దొరకక, ఏదో ఒకటి అనుకుంటూ గడిపేశాను. దారంతా పద్మమ్మ కిటికీకి తల ఆనించి కూర్చుంది. ధారూరు దాటాక ఒకసారి దగ్గి కొంగు దాచుకుంది. నేను చూడనట్టు ఉన్నాను.

గుట్ట మీద మంచం దొరికింది. ఈ పొద్దున ఛాతీ ఫోటో తీశారు. క్షయ. రెండు వైపులా ఉంది. సూదులు మొదలుపెట్టారు, కొత్త మాత్రలు కూడా ఇస్తారట. ఆరు నెలల ముందు వచ్చి ఉంటే ధైర్యంగా చెప్పేవాణ్ణని పెద్ద డాక్టరుగారు అన్నారు. ఇప్పుడు చేయగలిగిందంతా చేస్తామన్నారు. మార్త అనే నర్సమ్మ ఆ వార్డు చూస్తుంది, కడుపులో పెట్టుకొని చూసే మనిషి. గాలి బాగుంటుంది, రోజూ పాలు, గుడ్డు ఇస్తారు. ఆదివారాలు మీరు వచ్చి చూడవచ్చు, కాని వరండా మెట్ల కిందనే నిలబడాలి.

అత్తమ్మా, నిన్న స్టేషనులో నా చేయి పట్టుకొని, “పాండూ, నేను పెట్టింది తప్పా?” అని అడిగావు. “కాదత్తమ్మా” అన్నాను. మళ్ళీ అదే రాస్తున్నాను, మనసు పాడుచేసుకోకు.

పద్మమ్మ ఒక పలక, నాలుగు బలపాలు తెమ్మంది. ఎందుకో చెప్పలేదు.

పాండురంగం

*

తాండూరు,
16 ఆగస్టు 1953

పాండురంగానికి రుక్కమ్మ చెప్పగా రాజేందర్ రాసేది.

బావా, అమ్మ తన మాటలు ఏవీ మార్చవద్దన్నది. చెప్పినవి చెప్పినట్టే కింద రాస్తున్నాను.

మిరియాలు పెట్టుడు బందు చేసిన. పద్మను నువ్వు తోల్కపోయిన మర్నాడే బందు చేసిన. మా అత్తకిచ్చిన మాట తప్పిన. పొద్దుగాల గడప ముందర పది మంది నిలబడుతున్నరు. లోపలికెళ్ళి తలుపు పెట్టుకుంటున్న. వాళ్ళు జరసేపు దగ్గి దగ్గి పోతున్నరు. ఎటు పోతున్నరో ఎరుక లేదు. గుట్టకు మాత్రం పోతలేరని రాజేందర్ అంటున్నడు.

ఐతారం ఐతారం నేను గుట్టకు వస్తున్న సంగతి నీకెరుకే. పద్మ వరండాల కూసుంటది, నేను మెట్ల కింద. నడుమ పన్నెండు మెట్లు. అది పలక మీద పెద్దగ ఒక్కొక్క అక్షరం రాసి ఎత్తి చూపిస్తది. నేను మన్నుల ఏలుతోటి దిద్దుత. యాభై ఐదేండ్ల ముసలిదానికి గిప్పుడు చదువెందుకే అంటే ఏమన్నదో ఎరుకనా? “నీ ఉత్తరాలు నువ్వే చదువుకోవాలె అత్తమ్మా. అప్పుడు ఎవ్వరు నీ దగ్గర ఏది దాయలేరు.” ఆ మాట నాకు అప్పుడు సమజ్ కాలే.

నిన్న నీ పాత ఉత్తరాలన్నీ రాజేందర్‌తోటి మల్ల చదివించుకున్న. మొదటి దాంట్ల డాక్టరుగారు అనే కాడికి వచ్చి, కింద ఇంకేమో ఉంది అని ఆగిండు. చదువుమన్న. చదివిండు. తర్వాతిది కూడా చదివిండు.

అల్లుడా, మిరియాలు కొనేటప్పుడు నేను నీళ్ళల్ల ఏసి చూస్త. నీ ప్రశ్నలు ఏసి చూడలే. ఏసుంటే అన్నీ తేలుతుండె. నువ్వు డిసెంబర్ల ఒక్క మాట అంటే నేను కోపం చేస్తుంటి. నాలుగు దినాలు అన్నం మానేస్తుంటి. అంతే గదా. నాలుగు దినాల నా అన్నం పెద్దదా, పద్మ పెద్దదా?

నీ మీద కారాలు మిరియాలు నూరుతున్న అనుకోకు. నూరనీకి నా ఇంట్ల మిరియాలు లేవు. నా కోపం నా మీదనే. పద్మ ఉమ్మిల నెత్తురు తెచ్చి నా అరచేతి ముందర పెట్టింది. నేను పెరుగన్నం పెట్టిన.

రుక్కమ్మ

*

వికారాబాదు,
14 ఫిబ్రవరి 1954

అత్తమ్మకు,

పద్మమ్మ మనల్ని విడిచి ఈ రోజుకు పదమూడు రోజులు. దినాలప్పుడు తాండూరులో మీ మధ్యనే తిరిగాను. వంటకు గాడిపొయ్యిలు తవ్వించాను, బియ్యం తెప్పించాను, వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇచ్చాను. నీ ఎదుటికి వచ్చి ఒక్క నిమిషం కూర్చోలేదు. నువ్వూ పిలవలేదు. ఆగస్టులో నువ్వు రాయించినదానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఆదివారాలు గుట్ట మీద నిన్ను చూస్తూనే పక్క దారిన పోయాను.

ఇప్పుడు రాస్తున్నాను. నీ మిరియాలు పద్మమ్మను చంపలేదు. ఆ జబ్బు ఎక్కడినుంచో వచ్చింది, ఎవరికైనా రావచ్చు. కాని మిరియాలు తింటూ ఆగడం వల్ల ఆలస్యమైంది. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసి చెప్పలేదు. నిన్ను నొప్పించకూడదని అనుకున్నాను. అది నీ మీది గౌరవమని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నాకు భయం. అమ్మ పోయాక నాకు మిగిలినదానివి నువ్వు ఒక్కదానివే, నీకు కోపం వస్తే నాకు ఎవరూ లేరన్న చిన్నప్పటి భయం ఇంకా పోలేదు. ఆ భయానికి పద్మమ్మ బలైంది. ఆమెది కూడా నా లాంటి భయమే, కాని ఆమె ప్రాణం పెట్టింది, నేను ఉత్తరాలు రాశాను.

స్టేషనులో నువ్వు అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను. అప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను. పడిశానికి నీ లెక్క మంచిదే. నెల దాటిన దగ్గుకు తప్పు. వేడి అన్నది పూర్తిగా తప్పు, ఆ మాట నీ నోట్లో పెట్టినవాణ్ణి నేను.

మార్త సిస్టరు పద్మమ్మ పలక ఇచ్చింది. ఆఖరి రెండు రోజులు చేత్తో కష్టపడి ఏదో రాసి, దాన్ని ఎవరూ తుడవవద్దని, నీకే ఇమ్మని చెప్పిందట. అక్షరాలు చెరగకుండా పైన కాగితం పెట్టి, గుడ్డలో చుట్టి, భాగమ్మ చేతికి ఇచ్చి పంపుతున్నాను. నేను చదవలేదు. ఈసారి నిజంగానే చదవలేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే అది కూడా ఇంకో ప్రశ్న అవుతుంది.

పాండురంగం

*

తాండూరు
7 నవంబరు 1954

పాండురంగానికి

ఇది నా చేతి రాత. రాజేందర్ ఇంట్ల లేడు. ఎవ్వరు చెప్పియ్యలే. తప్పులుంటే ఉండనీ.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది నెలలాయె. పలక కూడ వచ్చింది. రాజేందర్ చదువుత అన్నడు. ఇయ్యలే. నాకు రాసింది నేనే చదువుకోవాలె. దినాం ఒక్క మాట చదివిన. కొన్ని దినాలు ఒక్క అక్షరం. గుణింతాల కాడ మస్తు తిప్పలైంది. కండ్లకు నీళ్ళొస్తే అక్షరాలు కనబడకపోతుండె. ఉగాది ముంగట అంత చదివిన.

గిట్ల రాసింది.

అత్తమ్మా మిరియాలు ఆపకు. లెక్క ఆపకు. జనం నీ గడపకు వస్తరు, దవాఖానకు పోరు. పదమూడో పొద్దు దాటినా దగ్గుంటే రెండో చుట్టు పెట్టకు. బండి ఎక్కించు.

అంతే. కింద జాగ లేదు. పేరు కూడ రాయలే.

ఉగాది మర్నాడు తలుపు తెరిచిన. మా అత్త చెప్పినట్టే పెడుతున్న. ఒకటి రెండు మూడు. రోజు గడప ఎక్కితె మనిషిని చూస్త. చిక్కిండా, జరం ఉందా, ఉమ్మి ఎట్లుంది. ఒకటికి దిగిన దినం దగ్గు కూడ దిగితె ఇంటికి పంపుత. లేకుంటె చెయ్యి పట్టి టేషన్‌కు తోల్కపోత. కొందరు నన్ను తిట్టిండ్రు. రుక్కమ్మకు మందు మరుపొచ్చింది అన్నరు. ఎక్కించిన. నువ్వు దవాఖాన కితాబుల మా ఊరోళ్ళ పేర్లు రాసుకునుంటవు. వాళ్ళను ఎవరు పంపిండ్రో ఇప్పుడు ఎరుకాయె గదా.

కరణ్‌కోట బండల పనికి పొయ్యే జంగప్ప నెల కిందట వచ్చిండు. దుమ్ము మింగి మింగి రొమ్ము పట్టేసింది. ఏడుకు ఎక్కిండు ఒకటికి దిగిండు. దగ్గు దిగలే. బండెక్కు అంటె మొండికేసిండు. గుట్టకు పోయినోళ్ళు మల్ల రారు, మీ కోడలు వచ్చిందా అన్నడు. గడపల కూసున్న. తర్వాత నేను చెప్పిన. నా కోడలు ఆలస్యంగ పోయింది, అందుకే రాలే, నువ్వు ఇప్పుడు పో. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నువ్వు ఎక్కుతవా అవ్వా అన్నడు. ఎక్కుత అన్న.

సోమవారం పొద్దటి బండికి వస్తున్నం. నువ్వు టేషన్ల ఉండు.

జంగప్పకు తోడుగ వస్తున్న అనుకోకు. వినాయక చవితి నాటి నుంచి నాకు దగ్గుంది. నాకు నేనే పెట్టుకున్న. నెయ్యి బెల్లం అంత లెక్క తప్పకుంట. నిన్న ఒకటికి దిగిన.

నా మీద నీకు కోపం ఉందో నీ మీద నాకు ఉందో ఇప్పుడు చూడనీకి టైం లేదు. నువ్వు నా చేతి ముద్ద తిన్నోనివి. ఫోటో తీసినంక నువ్వే నా దగ్గరికి రా. డాక్టర్‌తోటి చెప్పియ్యకు. నన్ను ఏమి అడుగకు. ఏముందో నాకు చెప్పు.

మీ మేనత్త
రుక్కమ్మ